డాక్టరు అన్నా సారా కుగ్లరు

గుంటూరు నగరమునకు ఉత్తరమున, కృష్ణానది కుడిగట్టుమీద, అమరావతి యను పుణ్యక్షేత్రము కలదు. రెండువేల యేండ్లకు పూర్వము దాని చేరువనే ధాన్యకటకమను గొప్ప నగరము వెలసియుండెను. అచ్చట బౌద్ధులు ఒక మహాస్తూపమును నిర్మించిరి. ఆ స్తూపము ఏ యొక్క రాజు ధనముతోనో లేచినది కాదు. దాని పలకలమీది శాసనములను చదివినవారికి దాత లెందరో కానవత్తురు. గృహస్థులు, వర్తకులు, సుగంధద్రవ్యముల నమ్మువారు, భిక్షువులు, భిక్షుణులు తమ తమ శక్తికొలది ఒక్కొక్క పలకనో, ఒక్కొక్క స్తంభమునో దానము చేసిరి. విధికుడను చర్మకారుడు తన తల్లితోను, భార్యతోను, సోదరులతోను, బిడ్డలతోను కూడి పూర్ణకుంభము చెక్కిన పలక నొకదానిని సమర్పించెను. ఆంధ్రప్రదేశ రాజముద్రలో అమరావతి పూర్ణకుంభమునకు నేడు స్థానము కలదు. అదే సీమలోని భట్టిప్రోలు స్తూపమున దొరకిన ధాతుకరండములమీద ఒక గోష్ఠి పేరును, దానము చేసిన సభ్యుల పేర్లును చెక్కబడి యున్నవి. పదిమంది ఒక సంఘముగా నేర్పడి, తలకొంత వేసికొని, ఒక్కరికి సాధ్యము కాని పుణ్యకార్యమును నెరవేర్చుట తెలుగునేలకు క్రొత్త కాదని ఈ శాసనములు తెలుపుచున్నవి.

19వ శతాబ్ది చివరిభాగమున ఈ సీమకు ముఖ్యపట్టణమైన గుంటూరులో ఇదే రీతిగా, వేలమంది చిన్న దానములతో, మరియొక కట్టడము లేచెను. అది స్త్రీలకును, శిశువులకును ఏర్పడిన వైద్యశాల. దాని దాతలలో పెక్కురు గుంటూరును చూచినవారు కారు; తెలుగు మాట విన్నవారును కారు. వారు సముద్రముల కావల అమెరికా దేశములోని పల్లెలలోను, పట్టణములలోను నివసించు గృహిణులు. ఆ దాతలను, ఈ రోగులను కలిపిన వంతెనవంటి స్త్రీ డాక్టరు అన్నా సారా కుగ్లరు.

ఆమె రాకకు మునుపు గుంటూరు సీమ స్థితి యెట్లుండెనో కొంత తెలిసికొనవలెను. నల్లరేగడి భూములతో ప్రత్తి పంటకు పేరొందిన ఈ సీమను 1832-33 సంవత్సరములలో ఘోరమైన కరవు పీడించెను. నందన నామ సంవత్సరమున వచ్చుటచే ప్రజలు దానిని నందన కరవని పిలిచిరి. ఊళ్లకు ఊళ్లే పాడుపడెను. పదియేండ్ల పిమ్మట, 1842లో, కలెక్టరు హెన్రీ స్టోక్సు ఆహ్వానముపై హయ్యరు అను అమెరికా లూథరను మతబోధకుడు గుంటూరు చేరెను. ఆయన పాఠశాలలను నెలకొల్పెను. తరువాత స్వదేశమునకు వెడలినపుడు వైద్యవిద్యను గూడ నేర్చి, పట్టము పొంది, మరల వచ్చెను.

కాని పురుషులైన వైద్యు లెందరున్నను స్త్రీల బాధ తీరలేదు. నాడు పెక్కు కుటుంబములలో స్త్రీలు పరపురుషుని యెదుటికి వచ్చుట లేదు. ఘోషా పాటించు మహమ్మదీయ స్త్రీల విషయము చెప్పనే అక్కరలేదు. జబ్బుచేసిన స్త్రీ తెరచాటున నుండగా, ఆమె లక్షణములను భర్తయో, తండ్రియో వచ్చి వైద్యునికి చెప్పవలసి వచ్చుచుండెను. కాన్పులు మంత్రసానుల చేతిమీదుగ జరుగుచుండెను. వారిలో అనుభవశాలురు ఉండిరి. కాని బిడ్డ అడ్డము తిరిగినను, కాన్పు తరువాత జ్వరము వచ్చినను చేయదగిన చికిత్స వారికి తెలియదు. తల్లియో, బిడ్డయో, ఇరువురునో మరణించుట సామాన్యమై యుండెను. ఇంటివారు దానిని విధివ్రాత యని తలచి ఊరకుండిరి.

అన్నా సారా కుగ్లరు 1856వ సంవత్సరము ఏప్రిలు 19వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలో పెన్సిల్వేనియా రాష్ట్రమునకు చెందిన ఆర్డ్‌మోరు గ్రామమున జన్మించెను. ఆ గ్రామము ఫిలడెల్ఫియా నగరమునకు సమీపమున నున్నది. పాఠశాల చదువు ముగిసిన పిమ్మట ఆమె ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్యకళాశాలలో చేరెను. స్త్రీలు వైద్యవిద్య నేర్చుటయే వింతగా తోచిన కాలమది. కేవలము స్త్రీలకొరకే 1850లో స్థాపింపబడిన ఆ కళాశాలను చూచి పరిహసించినవారును పెక్కురు. అట్టి విద్యాలయమున చదివి 1879లో ఆమె పట్టభద్రురాలయ్యెను. మన దేశమునుండి వెడలి అమెరికాలో వైద్యపట్టము పొందిన ఆనందీబాయి జోషి 1883లో చేరినదియు ఈ కళాశాలయే. ఆనందీబాయి అమెరికా చేరిన సంవత్సరముననే కుగ్లరు భారతదేశమునకు బయలుదేరుట గమనింపదగిన విషయము.

పట్టము పొందిన తరువాత కుగ్లరు నారిస్టౌనులోని మానసిక రోగుల ప్రభుత్వ వైద్యశాలలో, స్త్రీల విభాగమున, సహాయవైద్యురాలిగా పనిచేసెను. చేతిలో మంచి ఉద్యోగము, ముందు నిశ్చింతమైన జీవితము. అట్టి సమయమున ఆమెకు గుంటూరునుండి ఒక ఉత్తరము వచ్చెను. దానిని వ్రాసినవాడు ఆడం రో అను మతబోధకుడు. ఆయన అమెరికాలోని పిల్లల సంఘము కూర్చిన చందాలపై ఆధారపడి గుంటూరునకు వచ్చినవాడు. ఇచ్చటి స్త్రీలు వైద్యము లేక పడు పాట్లను వర్ణించి, స్త్రీ వైద్యురాలు వచ్చినగాని వారికి ఉపశమనము కలుగదని ఆయన తెలియజేసెను. ఆ ఉత్తరము కుగ్లరు మనస్సును కలచివైచెను. ఆమె గుంటూరునకు పోవుటకు నిశ్చయించుకొనెను.

నిశ్చయించుకొనుట సులభము, పోవుటకు ధనము కావలెను. ఓడ ఖర్చు, జీతము, మందులు, పనిముట్లు, ఇల్లు, ఇవన్నియు ఎవరో ఒకరు భరింపవలెను. అందుకై ఆమె లూథరను స్త్రీల సమాజమును ఆశ్రయించెను. ఈ సమాజము 1879లో ఒహాయో రాష్ట్రమందలి కాంటను నగరమున స్థాపింపబడినది. దాని పద్ధతిని తెలిసికొనుట మనకు ఉపయోగకరము.

ఆ కాలమున అమెరికాలో స్త్రీలకు దేశమంతట వోటుహక్కు లేదు. అది 1920లో గాని లభింపలేదు. సొంత ఆస్తియు, ఆదాయమును కలవారు వారిలో కొందరే. అయినను వారు ఊరూర చిన్న చిన్న సంఘములుగా ఏర్పడిరి. సభ్యురాండ్రు నెలకొకమారు సమావేశమగుదురు. అధ్యక్షురాలు, కార్యదర్శి, కోశాధికారిణి వారిలోనుండియే ఎన్నుకొనబడుదురు. ప్రతి సభ్యురాలును కొద్దిపాటి చందా చెల్లించును. ఇవిగాక, ఇట్టి సంఘములలో ఇంటింట ఒక చిన్న పెట్టె నుంచు ఆచారము కలదు. బిడ్డకు జబ్బు నయమైనను, పంట బాగుగ పండినను, ప్రయాణమునుండి ఇంటివారు క్షేమముగ వచ్చినను గృహిణి కృతజ్ఞతతో అందొక నాణెమును వేయును. మన యిండ్లలో ముడుపు కట్టి హుండీలో వేయుటవంటిదే యీ పద్ధతి. సంవత్సరమున కొకసారి ఆ పెట్టెలను తెరచి లెక్కింతురు. కుట్టుపనులు చేసి, వంటకములు చేసి అమ్మి వచ్చిన సొమ్మును గూడ చేర్తురు. పిల్లలకును వేరు సంఘములుండును.

ఇట్లు గ్రామసంఘమున కూడిన సొమ్ము ప్రాంతసంఘమునకు పోవును. ప్రాంతసంఘము లన్నింటి సొమ్ము కేంద్రసమాజపు బొక్కసమున చేరును. కేంద్రసమాజము ఏ పనికి ఎంత యీయవలెనో నిర్ణయించి పంపును. సొమ్ము ఏ దారిని పోయినదో, లెక్కయు అదే దారిని వెనుకకు రావలెను. గుంటూరునుండి వచ్చిన ఉత్తరములును, వార్షిక నివేదికలును సమాజపు పత్రికలో అచ్చుపడి, మరల చిన్న గ్రామసంఘమువరకు చేరుచుండెను. తాను వేసిన నాణెము ఏమైనదో గృహిణి ఆ పత్రికవలన తెలిసికొనెడిది. ఈ నమ్మకమే ఆ సమాజపు మూలధనము.

అయితే, క్రొత్తగా ఏర్పడిన ఆ సమాజము కుగ్లరు కోరికను వెంటనే అంగీకరింపలేకపోయెను. బడులు నడుపుటయు, ఇండ్లకు వెళ్లి స్త్రీలకు చదువు చెప్పుటయు వారు ఎరిగిన పనులు. వైద్యసేవకు ఎంత ఖర్చగునో, ఎన్నేండ్లు భరింపవలసి యుండునో వారికి తెలియదు. ఇతరుల సొమ్మునకు బాధ్యత వహించినవారు తొందరపడి మాట ఇచ్చుటకు జంకుట సహజము. ఉపాధ్యాయినిగా వచ్చుటకు సమ్మతించినచో పంపుదుమని వారు తెలిపిరి. ఇతరులైనచో తమ విద్యకు తగిన గౌరవము దక్కలేదని అలిగి ఊరకుందురు. కుగ్లరు అట్లు చేయలేదు. పోవలసిన చోటికి పోయినచో పనియే తన పక్షమున మాటలాడగలదని ఆమె నమ్మెను.

ఆమె 1883 ఆగష్టులో అమెరికాను విడిచి, నవంబరు నెలలో గుంటూరు చేరెను. నాటికి గుంటూరునకు రైలుమార్గము లేదు. వేసవి యెండలకు పేరుమోసిన ఈ పట్టణములో ఆమె బాలికల పాఠశాలలను పర్యవేక్షించుచు, ఇండ్లకు వెళ్లి స్త్రీలకు చదువు చెప్పుచు, తెలుగు నేర్వసాగెను. ఆమె వైద్యురాలని తెలిసినంతనే రోగులు ఆమెను వెదకుకొని రాజొచ్చిరి. మొదటి సంవత్సరముననే నాలుగువందలకు మించిన రోగులకు ఆమె చికిత్స చేసెను. వారిలో కొందరు ఆమె నివాసమునకు వచ్చిరి. తక్కినవారి యిండ్లకు ఆమెయే పోయెను.

ఈ పని సుఖముగ సాగినది కాదు. ఆమె పరదేశస్థురాలు, పరమతస్థురాలు, మాలమాదిగల వాడలకును, అగ్రవర్ణముల యిండ్లకును సమానముగ పోవునది. అందుచే ఆమె స్పర్శ మైల యని తలచినవారు కలరు. ఆమె వచ్చి పోయిన పిమ్మట స్నానము చేసి, బట్టలు తడుపుకొను కుటుంబములు కలవు. నీటితో కలిపిన మందును ఆమె చేతినుండి పుచ్చుకొనుటకు సందేహించినవారు కలరు. కట్టకడపట, ప్రాణము పోవు సమయమున పిలిచి, ఆలస్యమునకు ఫలితమైన మరణమును వైద్యముమీద మోపినవారును లేకపోలేదు. కుగ్లరు ఎవరిమీదను కోపము చూపలేదు. పిలిచిన యింటికెల్ల పోయెను. ఒక యింట తల్లియు బిడ్డయు క్షేమముగ బయటపడినచో, ఆ వార్త వీధివీధికిని తానే ప్రాకెను. వాదములవలన తెరచుకొనని తలుపులు ఇట్లు ఒక్కొక్కటిగా తెరచుకొనెను.

ఆమె పనిని గూర్చిన వార్తలు అమెరికా చేరెను. ఇవ్వబడిన పనిని మానక, ఇయ్యబడని పనిని గూడ ఇంతగా చేసిన స్త్రీని చూచి సమాజము తన సంశయమును విడిచెను. 1885 చివర ఆమెను వైద్యురాలిగా నియమించెను. మరుసటి యేట గుంటూరులో మందులిచ్చు శాల తెరువబడెను. కాని అది చాలలేదు. మందు ఇచ్చి పంపిన రోగికి ఇంటియొద్ద పథ్యము లేదు, గాలి లేదు, శుభ్రమైన పడక లేదు. శస్త్రచికిత్స చేయవలసిన వారిని ఉంచుటకు స్థలము లేదు. వైద్యశాల కట్టిననేగాని పని పూర్తి కాదని ఆమెకు స్పష్టమయ్యెను.

1889లో ఆమె సెలవుపై స్వదేశమునకు వెళ్లెను. సెలవన్నమాటయే గాని ఆమెకు విశ్రాంతి దొరకినది తక్కువ. సంఘములలో మాటలాడి, గుంటూరు స్త్రీల స్థితిని కన్నులకు కట్టునట్లు వర్ణించి, వైద్యశాలకొరకు ఆమె ధనము కూర్చెను. ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. ధర్మకార్యమునకు రెండువిధములైన ధనము కావలెను. కట్టడమునకు ఒక్కమారు పెద్దమొత్తము కావలెను. కట్టినదానిని నడుపుటకు ఏటేట కొంత కావలెను. మొదటిదానికి ఉత్సాహముతో ఇచ్చువారు దొరకుదురు. గోడలు లేచుట కంటికి కనబడును. రెండవదానికి ఓర్పుగల దాతలు కావలెను. మందులు అయిపోవును, దుప్పట్లు చిరుగును, దాదులకు నెలనెలకు జీతమీయవలెను, కప్పు మరమ్మతు చేయవలెను. ధర్మముకొరకు కట్టిన కట్టడములు పెక్కు పాడుపడుటకు కారణము ఈ రెండవ ధనము లేకుండుటయే. నెలనెల చెల్లించు చిన్న చందాలు గల సంఘముల విలువ ఇచ్చటనే తెలియును. ధనికుడు ఒకనాడు ఇచ్చి మరచిపోవచ్చును; వేయిమంది గృహిణులు ఒకేనాడు మరచిపోరు.

1891లో కుగ్లరు గుంటూరునకు తిరిగివచ్చెను. విశాలమైన స్థలమును సంపాదించి, ముందుగా 1893లో మందులిచ్చు శాలను కట్టించెను. ఆ దశకము ముగియకమునుపే ఏబది పడకల వైద్యశాల సిద్ధమయ్యెను. తరువాతి కాలమున ప్రసవముల కొకటి, పిల్లల కొకటి, శస్త్రచికిత్సల కొకటి చొప్పున క్రొత్త విభాగములు దానికి చేరెను. కట్టడపు పనిని ఆమె స్వయముగ చూచుకొనెను. ఇతరుల సొమ్ము తన చేతిలో నున్నదన్న జ్ఞాపకము ఆమెను విడువలేదు.

వైద్యశాలలో డాక్టరు ఒక్కతె ఏమి చేయగలదు? రోగిని రాత్రింబవళ్లు కనిపెట్టుకొని యుండుటకు శిక్షణ పొందిన దాదులు కావలెను. ఆ రోజులలో తెలుగు కుటుంబముల వారు ఆడపిల్లలను ఇట్టి పనికి పంపుటకు ఇష్టపడలేదు. పరులకు పరిచర్య చేయుట నీచమని తలచుచుండిరి. అయినను అమెరికానుండి వచ్చిన కేథరిను ఫాసు అను దాది సహాయముతో తెలుగు యువతులకు శిక్షణ మొదలయ్యెను. గ్రామములనుండి వచ్చిన బాలికలు గాయములు కట్టుట, జ్వరము కొలుచుట, శిశువులను సంరక్షించుట నేర్చుకొనిరి. వారిలో పెక్కురు తరువాత ఇతర వైద్యశాలలలో పనిచేసి తమ కుటుంబములను పోషించుకొనిరి. దూరదేశపు దాతల సొమ్ముతో కట్టిన గోడలకంటె ఈ శిక్షణయే ఎక్కువకాలము నిలిచిన దానము.

వైద్యశాలకు మరియొక చిక్కు ఏర్పడెను. దూరగ్రామములనుండి రోగులు ఎద్దుబండ్లలో వచ్చుచుండిరి. రోగివెంట తల్లియో, అత్తయో, భర్తయో రాకతప్పదు. తమ కులాచారము ననుసరించి వంట చేసికొని తినుటకు వారికి చోటు కావలెను. ఈ కొరతను తీర్చినవాడు ఏలూరు జమీందారు, సాహిత్యాభిమాని, రాజా మంత్రిప్రెగడ భుజంగరావుగారు. కుగ్లరు ఆయన కుటుంబమునకు చేసిన వైద్యసహాయమునకు కృతజ్ఞతగా ఆయన వైద్యశాల యెదుట ఒక సత్రమును కట్టించెను. హిందువైన జమీందారు, క్రైస్తవుల వైద్యశాలకు వచ్చు రోగుల బంధువులకొరకు, తన ధనముతో సత్రము కట్టించుట ఆ కాలమున గొప్ప విషయము. ఒకనాడు తలుపులు మూసికొన్న సమాజమునుండియే ఇట్టి దానము వచ్చెను.

దానము చేయుట ధనవంతులతో నిలిచిపోలేదు. తెలుగు గ్రామసంఘములలోని పేద స్త్రీలు ప్రతిపూట వంటకు తీసిన బియ్యములోనుండి గుప్పెడు విడిగా ఉంచి, వారాంతమున తెచ్చి సంఘమునకు ఇచ్చు ఆచారము ఏర్పడెను. అమెరికా గృహిణి పెట్టెలో వేసిన నాణెమును, తెలుగు గృహిణి కుండలో వేసిన గుప్పెడు బియ్యమును ఒక్క జాతివే. ఇచ్చువాడు వేరు, పుచ్చుకొనువాడు వేరు అను భేదము ఇట్లు క్రమముగ కరగిపోవుట మొదలయ్యెను.

ఆ స్త్రీల సమాజము కుగ్లరును పంపినది కేవలము వైద్యముకొరకు మాత్రమే కాదు. తమ మతమును ప్రచారము చేయుటయు వారి యుద్దేశమే. ఈ విషయమును దాచవలసిన పని లేదు. కుగ్లరు సైతము భక్తురాలు. తన విశ్వాసమును రోగులకు చెప్పుచుండెడిది. కాని మందు ఈయవలసినపుడు ఆమె కులమును, మతమును విచారింపలేదు. బ్రాహ్మణ స్త్రీయు, మహమ్మదీయ స్త్రీయు, పంచమ స్త్రీయు ఆమెకు సమానమే. వైద్యశాలకు వచ్చినవారిలో అధికసంఖ్యాకులు తమ మతమును తాము అనుసరించుచునే ఆరోగ్యముతో ఇంటికి పోయిరి.

గుంటూరులో ఆరంభమైన పని ఇరుగుపొరుగు ప్రాంతములకును వ్యాపించెను. చీరాలలో డాక్టరు మేరీ బేరు చేసిన కృషివలన వైద్యశాల వెలసెను. పల్నాటిసీమలోని రెంటచింతలలో కుగ్లరు కృషివలన వైద్యసేవ నెలకొనెను. ఇప్పటి గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాల పల్లెలనుండి స్త్రీలు వీనికి వచ్చుచుండిరి. కుగ్లరు సేవను గుర్తించి నాటి ప్రభుత్వము 1905లో కైసర్-ఇ-హింద్ పతకముతో ఆమెను గౌరవించెను. 1917లో ఆ గౌరవము మరల లభించెను. అయినను ఆమె దినచర్య మారలేదు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధము ఆరంభము కాగా సముద్రయానము ప్రమాదకరమయ్యెను. పరదేశముమీద ఆధారపడిన ఏ సంస్థకైనను ఇట్టి కాలము పరీక్షాకాలమే. అందుచేత స్థానికుల చేతులలోనికి బాధ్యత రావలెనను భావము బలపడెను. 1918లో అమెరికాలోని లూథరను సంఘములు కొన్ని ఏకమయ్యెను. 1927లో ఆంధ్ర సువార్త లూథరను సంఘము ఏర్పడెను. మరుసటి సంవత్సరము, 1928లో, కుగ్లరు గుంటూరు వైద్యశాల చరిత్రమును గ్రంథముగ ప్రకటించెను. దానము చేసినవారికి కడవరకును లెక్క చెప్పుట తన ధర్మమని ఆమె తలచెను గాబోలు.

వయస్సు మీరినను, ఆరోగ్యము క్షీణించినను ఆమె గుంటూరును విడువలేదు. 1930వ సంవత్సరము జూలై 26వ తేదీన, తాను కట్టించిన వైద్యశాలలోనే, డెబ్బదినాలుగవ యేట ఆమె కన్నుమూసెను. ఉపాధ్యాయినిగా అడుగుపెట్టిన ఊరిలో వైద్యురాలిగా దాదాపు నలువదియేడేండ్లు జీవించి, ఆ మట్టిలోనే ఆమె విశ్రమించెను. ఆమె పిమ్మట ఆ వైద్యశాలకు కుగ్లరు ఆసుపత్రి యను పేరు స్థిరపడెను.

కుగ్లరు కాలమున స్త్రీల సమాజములు అనుసరించిన పద్ధతి తరువాత లోకమంతట వ్యాపించినది. 1905లో చికాగో నగరమున పాల్ హారిస్ అను న్యాయవాది రోటరీ క్లబ్బును స్థాపించెను. 1917లో మెల్విన్ జోన్సు కృషివలన లయన్సు క్లబ్బుల సంఘము ఏర్పడెను. మన పట్టణములలో వీనికి శాఖలు కలవు. ఊరిలోని వర్తకులు, వైద్యులు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు సభ్యులై చందాలు చెల్లింతురు. ఆ సొమ్ముతో కంటి చికిత్సా శిబిరములు, రక్తదాన కార్యక్రమములు, బడిపిల్లలకు సహాయములు ఊరిలోనే జరుగును. కొంతభాగము దేశదేశముల సంఘముల సొమ్ముతో కలిసి లోకమునకంతటికిని ఉపయోగపడును. 1985లో రోటరీవారు పోలియో వ్యాధిని నిర్మూలింప పూనుకొనిరి. ప్రభుత్వములును, ప్రపంచ ఆరోగ్య సంస్థయు, ఇతర సంస్థలును, లక్షలాది కార్యకర్తలును కలిసి పాటుపడగా, 2014 మార్చి 27వ తేదీన మన దేశముతో కూడిన ఆగ్నేయాసియా ప్రాంతము పోలియోరహితమని ప్రకటింపబడెను. ఏదో దేశపు చిన్నపట్టణములో ఒక సభ్యుడిచ్చిన చందాయు మన పల్లెలో ఒక శిశువు నోట పడిన రెండు చుక్కల మందులో కలిసియుండవచ్చును.

కుగ్లరు జీవితమునుండి మనము గ్రహింపవలసినది స్పష్టము. చిన్న దానము చిన్నది కాదు; కాని అది పెద్దది కావలెనన్న మూడు కావలెను. ఇచ్చువారు పెక్కురు కావలెను. వారు మానక ఈయవలెను. ఆ సొమ్మును పుచ్చుకొన్నవారు పైసపైసకు లెక్క చెప్పవలెను. అమెరికా గృహిణులు మొదటి రెండింటిని నెరవేర్చిరి. మూడవదానిని కుగ్లరు తన జీవితమంతయు నెరవేర్చెను. పాఠశాలలలో విద్యార్థులు పేదపిల్లల నిధికి అర్ధణాలు కూర్చిన కాలము కలదు. రూపాయలు కూర్చు కాలము నేడు వచ్చినది. నాణెము మారినను నియమము మారలేదు. అమరావతి పలకమీద విధికుని పేరు రెండువేల యేండ్లు నిలిచెను. గుంటూరు వైద్యశాలకు నాణెములు పంపిన స్త్రీల పేర్లు ఏ రాతిమీదను లేవు. వారి దానమువలన బ్రతికి బట్టకట్టిన తల్లుల సంతానము మాత్రము ఈ సీమయంతట వర్ధిల్లుచున్నది.